సబ్బులా జారితే ఆగకు

అల్లుడూ,

గోపాల్‌పూర్ లాడ్జిలో క్లీనింగ్ పనికి చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. సముద్రం పక్కన నీళ్లు ఉప్పు, టైల్స్ మీద తెల్లచారలు ఊరికే కట్టేస్తాయి. యాసిడ్ సీసా రోజూ నీ చేతిలోనే ఉంటుంది గనక ఈ ఉత్తరం.

నా ఎడమ ముంజేతి మీద మచ్చ చూశావు కదా. అది యాసిడ్‌ది కాదు, కాస్టిక్ సోడాది. డ్రైనేజీ మూసుకుపోతే కాస్టిక్ పెచ్చులు వేసి పైన వేడినీళ్లు పోశాను. బుస్సున పొంగి చేతి మీద పడింది. యాసిడ్ పడితే మంట వెంటనే తెలుస్తుంది. కాస్టిక్ అలా కాదు, మొదట సబ్బు రాసుకున్నట్టు జారుతుంది, అంతే. ఆ జారుడు మన ఒంట్లో కొవ్వు సబ్బుగా మారిపోవడం! నాకది తెలియక తువ్వాలుతో తుడుచుకుని పని పూర్తిచేశాను. సాయంత్రానికి తోలు ఊడొచ్చింది.

మన బరంపురంలో పట్టునూలు బంక వదలడానికి సబ్బు, సోడా నీళ్లలో ఉడికించడం నువ్వు చూసినదే. బంకా మాంసకృత్తే, చర్మమూ మాంసకృత్తే. మామూలు సోడాయే అంత పని చేస్తే కాస్టిక్ సంగతి ఆలోచించు.

కాస్టిక్ ఒంటి మీద పడగానే, పొడి ఉంటే దులిపి, తడిసిన బట్ట విప్పేసి, కుళాయి కింద పెట్టు. కనీసం 20 నిమిషాలు. మంట లేదని ముందే తీసేయకు. నిమ్మరసంతో విరుగుడు చేయబోకు, వేడి పుట్టి ఇంకా కాలుతుంది. పేస్టు, కొబ్బరినూనె వద్దు. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని నీళ్లు పోయించుకో, ఆ తర్వాతే బరంపురం ఎం.కె.సి.జి. ఆసుపత్రికి. సీసా కూడా తీసుకెళ్లు.

ఇంకో జాగ్రత్త. గంజాంలో ఋషికుల్య ఒడ్డున 1967లో మొదలైన కాస్టిక్ ఫ్యాక్టరీ గుర్తుందా? ఉప్పునీళ్లలోకి కరెంటు పంపితే కాస్టిక్, క్లోరిన్ వస్తాయి. ఆ క్లోరిన్‌ను సున్నానికి పట్టిస్తే బ్లీచింగ్ పౌడర్. దాని మీద యాసిడ్ పోశావా, క్లోరిన్ మళ్లీ బయటకొస్తుంది, తలుపేసిన బాత్రూంలో. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలింది ఈ వాయువునే. రెండూ ఒకే రోజు ఒకే గదిలో వాడకు.

మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్, కళ్లజోడు ఇమ్మని రేపే ఓనరుని అడుగు. పనిలో గాయమైతే పరిహారం 1923 నాటి చట్టంతో మొదలైన హక్కు, జంకకు. గ్లవ్స్ చేతికొచ్చేదాకా ఆ యాసిడ్ సీసా మూత తీయకు నాయనా.

నీ మేనమామ