క్లోవర్ మేత నాణ్యత: గొర్రెపిల్లల పెరుగుదలపై, ఉన్ని దిగుబడిపై ప్రభావం

న్యూజిలాండ్‌లోను, ఆస్ట్రేలియా దక్షిణ ప్రాంతాలలోను గొర్రెల మేత బీళ్ళలో క్లోవర్ ముఖ్యమైన పప్పుజాతి పశుగ్రాసం. దీని నాణ్యతను సాధారణంగా ముడి మాంసకృత్తుల శాతంతో అంచనా వేస్తారు. అయితే పిల్లల పెరుగుదలకు, ఉన్ని దిగుబడికి ఈ ఒక్క కొలత చాలదు.

పిల్లల పెరుగుదల: న్యూజిలాండ్‌లో తెల్ల క్లోవర్‌ను రైగ్రాస్‌తో కలిపి పెంచుతారు. రైగ్రాస్ పూతకు రాగానే కాడలు ముదిరి పీచు పెరుగుతుంది. తెల్ల క్లోవర్ కాండం నేలపై పాకుతుంది కనుక గొర్రెలు ప్రధానంగా ఆకులను, తొడిమలనే మేస్తాయి. అందువలన మేత జీర్ణత అంత త్వరగా తగ్గదు. పీచు తక్కువగా గల ఈ ఆకులు మొదటి పొట్ట అయిన రూమెన్‌లో త్వరగా ముక్కలై ముందుకు సాగడంతో పిల్లలు ఎక్కువ మేత తినగలుగుతాయి. పాలు మాన్పించిన పిల్లలు రైగ్రాస్‌పై కంటే క్లోవర్‌పై వేగంగా బరువు పెరగడానికి ఇదే ముఖ్య కారణం.

ఉన్ని దిగుబడి: ఉన్ని కెరాటిన్ అనే మాంసకృత్తితో ఏర్పడుతుంది. అందులో గంధకం 3 నుండి 4 శాతం ఉంటుంది. దీనికి గంధకం గల సిస్టిన్, మిథియోనిన్ అనే ఎమైనో ఆమ్లాలు అవసరం. క్లోవర్ మాంసకృత్తులలో అధిక భాగాన్ని రూమెన్‌లోని సూక్ష్మజీవులు విచ్ఛిన్నం చేస్తాయి. వాటికి వినియోగపడగా మిగిలిన అమ్మోనియా కాలేయంలో యూరియాగా మారి, చాలావరకు మూత్రంలో పోతుంది. ఆస్ట్రేలియాలో రీస్, షింకెల్ 1963లో ప్రచురించిన పరిశోధనలో ఈ ఎమైనో ఆమ్లాలను నేరుగా నాలుగవ పొట్టలోకి అందించినప్పుడు ఉన్ని పెరుగుదల అధికమైంది. అంటే మేతలో ఉన్న మాంసకృత్తుల కంటే రూమెన్‌ను దాటి పేగులకు చేరే మాంసకృత్తులే ఉన్నికి కీలకం. టానిన్లు కొంత మోతాదులో గల లోటస్ జాతి పశుగ్రాసాలు ఈ విచ్ఛిన్నాన్ని తగ్గిస్తాయి. తెల్ల క్లోవర్ ఆకులలో టానిన్లు దాదాపు ఉండవు. టానిన్లు మితిమీరితే గొర్రెలు తినే మేత తగ్గుతుంది.

కాలానుగుణ మార్పులు: దక్షిణ ఆస్ట్రేలియాలో పెరిగే సబ్‌టెరేనియన్ క్లోవర్ ఏకవార్షికం. వసంతకాలం చివర ఇది ఎండిపోవడంతో వేసవిలో మేత నాణ్యత పడిపోతుంది. అప్పుడు పెరిగిన ఉన్ని పోగు సన్నబడి, ఆ చోట బలహీనమై, తయారీ దశలో తెగుతుంది.

గర్భస్థ దశ: గొర్రెపిల్లలో ద్వితీయ రోమకూపాలు చూలు చివరి దశలో ఏర్పడి, పుట్టిన తరువాత తొలి వారాలలో పరిపక్వం చెందుతాయి. ఈ దశలో తల్లికి గాని, పిల్లకు గాని మేత కొరవడితే జీవితకాలపు ఉన్ని దిగుబడి తగ్గుతుంది. తరువాత ఇచ్చే మంచి మేత ఆ లోటును పూర్తిగా పూడ్చలేదు.

తెలుగు రాష్ట్రాలకు అన్వయం: నెల్లూరు గొర్రె ఉన్ని జాతి కాదు. కనుక దానికి జీర్ణత, తినగలిగే మేత పరిమాణం ప్రధానం. ముతక ఉన్ని ఇచ్చే దక్కనీ గొర్రెల విషయంలో రెండు ప్రమాణాలనూ పరిశీలించాలి. ఇక్కడ సాగయ్యే లూసర్న్ మాంసకృత్తులు కూడా రూమెన్‌లో త్వరగా విచ్ఛిన్నమవుతాయి. కావున పశుగ్రాసాన్ని సిఫారసు చేసేటప్పుడు ముడి మాంసకృత్తుల శాతంతోపాటు జీర్ణతను, రూమెన్‌లో విచ్ఛిన్నమయ్యే భాగాన్ని, మేపే దశను కలిపి చూడాలి. చూలు చివరి నెలన్నరలో తల్లి గొర్రెలకు నాణ్యమైన మేతను ముందుగా కేటాయించాలి.