అడిగినవన్నీ ఇవ్వకు

తెనాలి

చి. అమ్మలుకు,



అమీర్‌పేట హాస్టల్లో చేరావనీ, వచ్చే వారం కోచింగ్ మొదలవుతుందనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. తిండీ నిద్రల సంగతి మీ అమ్మ ఎలాగూ చెబుతుంది కనుక నేను మరో విషయం రాస్తున్నాను.

బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ జనం కౌంటర్ మీద పెట్టే కాగితాలు చూశాను. రూపాయి దగ్గర ఎంతో జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా ఆధార్ జిరాక్స్ ఎవరడిగినా ఇచ్చేసేవాళ్లు. ఎందుకని అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం. అది నీకు వద్దమ్మా. ఏ పనికి ఎంత అవసరమో అంతే ఇవ్వు. అంతకు మించి అడిగితే ఎందుకో చెప్పమను.

అలా అడిగే హక్కు నీకుంది. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరైన పుట్టస్వామిగారు ఎనభై దాటిన వయసులో వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, మన వివరాలు దేనికోసమో అడిగేవాళ్లు ముందే చెప్పాలంటుంది. ఒకసారి ఒప్పుకున్నా తర్వాత ఆ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చంటుంది. బట్టల షాపులో బిల్లు కట్టేటప్పుడు ఫోన్ నంబరు అడుగుతారు చూడు, నంబరు చెప్పనిదే సరుకు అమ్మమనకూడదని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల శాఖ వ్యాపారులకు సూచించింది. "నంబరు ఇవ్వనండీ" అని మర్యాదగా చెప్పు, చాలు.

హాస్టల్ వాళ్లు గుర్తింపు కార్డు అడగడం సబబే. ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. అది ఇచ్చి, కాపీ మీద అడ్డంగా "హాస్టల్ ప్రవేశం కోసం మాత్రమే" అని తేదీ వేసి సంతకం పెట్టు. ప్రింటు కోసం జిరాక్స్ షాపు వాట్సాప్‌కు ఫైలు పంపితే, పని కాగానే నీ ఎదుటే తీసేయించు.

వేలిముద్ర సంగతి ఇంకా ముఖ్యం. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు తీసి, వాటికి నకిలీలు తయారుచేసి, వాళ్ల పేర్ల మీద వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు అరెస్టు చేశారు. ఆ దస్తావేజుల వాళ్లు చేసిన తప్పేమీ లేదు, పొలం కొన్నారు లేదా అమ్మారు, అంతే. పల్లెల్లో ఆధార్ నంబరూ వేలిముద్రతోనే, ఓటీపీ లేకుండా, ఖాతాలో డబ్బు తీసుకునే ఏర్పాటు ఉంది. ముసలివాళ్లకు అది పెద్ద సదుపాయం. అయితే నకిలీ ముద్ర దొరికినవాడికీ అది తెరిచిన తలుపే. పాస్‌వర్డ్ పోతే మార్చుకోగలం, వేలు మార్చుకోలేం కదా. అందుకే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసి ఉంచు. అవసరమైనప్పుడు తెరిచి, పని కాగానే మళ్లీ లాక్ చెయ్యి.

ఫోన్‌లో యాప్‌లూ మనుషుల్లాగే అడుగుతాయి. టార్చిలైటు యాప్‌కు నీ కాంటాక్టులతో పనేమిటి? 2020 చివర్లో మన తెలుగు రాష్ట్రాల్లో లోన్ యాప్‌ల వేధింపులు తాళలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. తీసుకున్న అప్పు కొద్దిపాటిదే. కానీ వాళ్ల ఫోన్లలోని నంబర్లన్నీ ఆ యాప్‌ల చేతికి చిక్కాయి. యాప్‌ల వాళ్లు బంధువులకూ తోటి ఉద్యోగులకూ ఫోన్లు చేసి పరువు తీశారు. అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులూ ఫైళ్లూ కాల్ లాగ్‌లూ చూడకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కట్టడి చేసింది. కాంటాక్టులు అడిగే లోన్ యాప్ కనిపిస్తే ఇక దాని జోలికి పోకు. అప్పు చేసినవాళ్లు ఒకరైతే అల్లరిపాలైనవాళ్లు పదిమంది. నీ ఫోన్‌లో ఉన్నవి నీ ఒక్కదాని వివరాలు కావని దీన్నిబట్టే అర్థం చేసుకో. స్నేహితురాలి ఫోటో ఎక్కడైనా పెట్టేముందు ఆమెను అడగడమూ ఈ జాగ్రత్తలో భాగమే.

ఇక నీ బయోడేటా. మనవాళ్ల అలవాటు ప్రకారం తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, పెళ్లయిందా లేదా, అన్నీ రాస్తాం. ఉద్యోగమిచ్చేవాడికి మొదట కావలసినవి నీ చదువు, నీ పని, ఒక ఈమెయిల్, ఒక నంబరు. మిగతావి అపాయింట్‌మెంట్ ఆర్డరు వచ్చాక ఇవ్వవచ్చు. ముందే డబ్బు కట్టమన్నా, ఓటీపీ చెప్పమన్నా అది ఉద్యోగం కాదు. డబ్బు నీకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. శుభలేఖ పేరుతో ఏపీకే ఫైలు వస్తే, పంపింది తెలిసినవాళ్లే అయినా తెరవకు, ముందు ఫోన్ చేసి కనుక్కో.

ఇంత జాగ్రత్తపడ్డా ఒకనాడు మోసం జరగవచ్చు. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోటోలతో ఎవరైనా బెదిరిస్తే పైసా ఇవ్వకు, ఆ మెసేజ్‌లు చెరపకు. పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, మేమున్నాం. "ఇంట్లో తిడతారు" అన్న నీ భయమే బెదిరించేవాడికి బలం. ఏం జరిగినా నాకు చెప్పు, ముందు నీ పక్కన నిలబడతాను, మంచిచెడ్డలు తర్వాత మాట్లాడుకుందాం.

ఇవాళే వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టు. టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో నీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడు. ఈమెయిల్ పాస్‌వర్డ్ మరెక్కడా వాడనిదై ఉండాలి. పండక్కి వచ్చినప్పుడు మీ అమ్మా నాన్నల ఫోన్లలోనూ ఇవన్నీ నువ్వే చేసిపెట్టు. వాళ్లూ పొలం రిజిస్ట్రేషన్లో వేలిముద్రలు వేసినవాళ్లే.

దీవెనలతో,
మీ పెద్దమ్మ