కొండలలో రేడియో తీగ

కోతవేళ వానసూచన గురగురలలో మునిగిపోయినచో ఆ నష్టము కల్లమునందు తెలియును. మన మారేడుమిల్లిలో దీనికి రేడియో పెట్టెనే నిందించుట వాడుక. సోదరులారా, ముందు పెట్టె దిక్కు మార్చి చూడుడు. ఫెర్రైటు అను నల్లని కడ్డీ సాధారణముగా పెట్టె పొడవున అమర్పబడి యుండును. దానికి అడ్డముగా వచ్చు ధ్వని చక్కగా అందును. కొనవైపునుండి వచ్చునది సన్నగిల్లును. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రము మనకు నైరృతి దిక్కున గలదు. కావున దానికొఱకు పెట్టె పొడవు వాయవ్యమునుండి ఆగ్నేయమునకు ఉండవలెను. తూర్పుననున్న విశాఖపట్టణ కేంద్రమునకైనచో ఉత్తర దక్షిణములుగా నుంచవలెను. సెల్‌ఫోను ఛార్జరును, ఎల్‌.ఇ.డి. దీపమును ఆపినచో గురగుర చాలవఱకు తగ్గును. పరీక్ష పగటివేళనే చేయుడు. రాత్రి దూరకేంద్రములు వచ్చి కలియును.

అప్పటికిని చాలనిచో, తొడుగుగల రాగితీగను అరువది అడుగులు తెచ్చి రెండు వెదురుగడల నడుమ ఎత్తుగా కట్టుడు. వెదురునకు మనకు కొదువ లేదు గదా! తడియాకులు తీగకు తగులరాదు. దాని క్రింది కొనను పెట్టెకు కడ్డీయున్న చోట నాలుగైదు చుట్లు చుట్టి, తడినేలలో నాటిన ఇనుపచువ్వకు కలుపవలెను.

కరెంటు తీగలకు పైనగాని, క్రిందగాని, చేరువనగాని దీనిని కట్టరాదు. తెగి పడినచో ప్రాణహాని. మబ్బు పట్టకముందే చుట్లు విప్పి తీగను ఇంటివెలుపల విడువవలెను. ఉరుము వినబడిన పిదప దానిని ముట్టనే రాదు.