చలి ఊళ్లో మీ వీధిని సంపాదించుకోండి

డిసెంబరులో మాంట్రియల్‌లో సాయంత్రం నాలుగుంబావుకల్లా పొద్దు గుంకుతుంది. జనవరిలో కొన్ని రాత్రులు మైనస్ 20 డిగ్రీల కిందికి దిగుతాయి. ఏడాది మొత్తం మీద కురిసే మంచు రెండు మీటర్ల దాకా ఉంటుంది. కరీంనగర్ నుంచో కాకినాడ నుంచో ఆగస్టులో చదువుకు వచ్చిన కుర్రవాడికి మొదట్లో ఊరంతా పండగలా కనిపిస్తుంది. నవంబరు దాటగానే తలుపులు మూసుకుపోతాయి. క్లాసు, గది, ఫోను. అన్నం కుక్కర్లో, కూర యాప్‌లో. మార్చి వచ్చేసరికి అతను ఊళ్లో ఉన్నాడే గానీ ఊరివాడు కాలేదు.

అలాంటి పిల్లలకు, వాళ్లతోపాటు కొత్తగా కాపురానికి వచ్చిన దంపతులకు, పిల్లల దగ్గరికి వచ్చి ఇంట్లోనే కూర్చుండిపోయే అమ్మానాన్నలకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నడిచి వెళ్లగలిగినంత దూరంలో నాలుగు దుకాణాలను మీవి చేసుకోండి. అక్కడ దొరికేదాన్ని ఇష్టంగా తినడం నేర్చుకోండి. చొరవ, క్రమశిక్షణ, కొత్త భాష, తోటి మనిషి మీద ఆసక్తి, ఇవన్నీ ఆ ఒక్క అలవాటులో కలిసి పెరుగుతాయి. మీది టొరంటో అయినా, చికాగో అయినా, ఎడ్మంటన్ అయినా ఇదే మాట. నాకు బాగా తెలిసిన మాంట్రియల్‌నే ఉదాహరణగా తీసుకుంటాను.

గడప దాటడానికి ఒక పని పెట్టుకోండి

"కాసేపు నడిచొస్తాను" అనుకుంటే చలిలో కాలు కదలదు. "బ్రెడ్డు అయిపోయింది, తేవాలి" అనుకుంటే కదులుతుంది. అందుకే బియ్యం, పప్పు నెలకు సరిపడా తెచ్చుకున్నా, పాలు, రొట్టె, కూరగాయలు మాత్రం కొద్దికొద్దిగా కొనండి. కావాలనే కొద్దిగా కొనండి. వారానికి మూడుసార్లు బయటికి వెళ్లక తప్పని పరిస్థితి మీకు మీరే కల్పించుకోండి. మాంట్రియల్ పాత పేటల్లో నాలుగడుగులు వేస్తే చాలు, ఏదో ఒక మూల 'డెపనర్' అనే చిన్న కొట్టు తగులుతుంది. అక్కడివాళ్లు ముద్దుగా 'డెప్' అంటారు. పాలు, గుడ్లు, బల్బులు, బస్సు కార్డు రీఛార్జి, అన్నీ అక్కడే.

వెలుతురు ఉన్నప్పుడే వెళ్లండి. శనివారం పదకొండు గంటలకు ఎండ మంచు మీద పడి మెరుస్తున్నప్పుడు వెళ్లడం వేరు, చీకటి పడ్డాక వెళ్లడం వేరు. ఒక్క లావు కోటును నమ్ముకోకుండా పొరలు పొరలుగా బట్టలు వేసుకోండి. పట్టున్న బూట్లకు డబ్బు పెట్టడానికి వెనకాడకండి. ఈ ఊరి ఇళ్లకు మెట్లు బయటి గోడ వెంట ఉంటాయి. వాటి మీద మంచు గట్టిపడితే అద్దంలా జారుతుంది. కమ్మీ పట్టుకుని నిదానంగా దిగండి.

ఊరి నడిబొడ్డున నేల కింద ముప్ఫై కిలోమీటర్లకు మించిన నడకదారులున్నాయి. 1962లో ప్లాస్ విల్ మరీ భవనంతో మొదలై, 1966లో మెట్రో వచ్చాక విస్తరించాయి. మంచు తుపాను రోజున అవి వరమే. అయితే చలికాలమంతా వాటిలోనే గడిపేస్తే మీ పేట మీకు పరిచయం కాదు. వీధి మీద నడవండి.

మొదటి పలకరింపు మీదే కావాలి

మనలో చాలామంది దుకాణంలోకి మౌనంగా వెళ్తాం, కావలసింది తీసుకుంటాం, కార్డు తాకించి వచ్చేస్తాం. సిగ్గు వల్ల చేసే పని ఇది. మాంట్రియల్‌లో అది మర్యాద తక్కువగా కనిపిస్తుంది. లోపల అడుగుపెట్టగానే "బోంజూర్" అనాలి. ఆ తర్వాతే ఏదైనా అడగాలి.

చాలా దుకాణాల్లో వాళ్లే ముందుగా "బోంజూర్, హాయ్" అని రెండు భాషల్లోనూ పలకరిస్తారు. ఏ భాషలో మాట్లాడతారో మీ ఇష్టం. ఇంగ్లిష్ వచ్చు కదా అని అందులోకే దూకకండి. మొదటి మాట ఫ్రెంచిలో అనండి. బోంజూర్, సిల్ వూ ప్లే, మెర్సీ, బయటికి వస్తూ బొన్ జుర్నే. ఈ నాలుగూ వస్తే చాలు. ఉచ్చారణ తప్పితే ఎవరూ నవ్వరు, ప్రయత్నించినందుకు వాళ్ల ముఖం విప్పారుతుంది. పరీక్ష భయం లేకుండా, తరగతి ఫీజు లేకుండా భాష నేర్చుకునే చోటు దుకాణపు కౌంటరే.

ఒకే దుకాణానికి, దాదాపు ఒకే వేళకు వెళ్లండి. మీ ముఖం వాళ్లకు గుర్తుండాలి. కొన్ని వారాలు గడిచాక "ఇవాళ ఇది తీసుకోండి, పొద్దున్నే వచ్చింది" అని వాళ్లే చెబుతారు. జ్వరమొచ్చి నాలుగు రోజులు కనిపించకపోతే "ఏమైపోయారు?" అని అడుగుతారు. సొంత ఊరికి వేల మైళ్ల దూరంలో అలా అడిగే మనిషి ఒకరుండటం ఎంత బలమో, ఒంటరిగా చలికాలం గడిపినవాళ్లకు తెలుసు.

ఆ కాలానిది ఆ కాలంలో తినండి

లిటిల్ ఇటలీ పేటలో జాన్ తాలోన్ మార్కెట్ ఉంది. 1933లో తెరిచారు. ఎండాకాలంలో ఆరుబయట బల్లల మీద రంగులు పోసినట్టుంటుంది. చలికాలంలో చుట్టూ మూసి, లోపల నడుపుతారు. మనవాళ్లు చాలామంది జనవరిలో వెళ్లి "ఏమీ లేదు" అని తిరిగి వస్తారు. కళ్లు విప్పి చూడండి. క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్, ఆలుగడ్డలు, రకరకాల గుమ్మడికాయలు, కోతల కాలంలో దాచిన క్వెబెక్ ఆపిళ్లు ఉంటాయి. బటర్‌నట్ గుమ్మడితో దప్పళం పెట్టండి. బీట్‌రూట్ వేపుడు చేయండి. క్యాబేజీలో పెసరపప్పు వేసి వండండి. విమానంలో వచ్చిన వాడిపోయిన బెండకాయకు ఎక్కువ ధర పెట్టి బాధపడే బదులు, ఆ నేల ఆ కాలంలో ఇచ్చినదాన్ని మన పోపుతో మనది చేసుకోవచ్చు.

అక్కడివాళ్ల తిండినీ రుచి చూడండి. తాజా జున్ను ముక్కలు పంటి కింద కీచుకీచుమంటాయి. ఒకటి రెండు రోజులు దాటితే ఆ చప్పుడు పోతుంది. అందుకే ఏ రోజువి ఆ రోజే కొనుక్కుని తింటారు. ఆలుగడ్డ వేపుళ్ల మీద ఆ జున్ను ముక్కలు, వాటి మీద వేడి గ్రేవీ పోస్తే పుటీన్. 1950ల్లో క్వెబెక్ పల్లెల్లో పుట్టిన ఈ వంటకం చలిలో నడిచొచ్చినవాడికి ప్రాణం లేచొచ్చేలా చేస్తుంది. ఎండు పసుపు బఠానీలతో చేసే చిక్కటి సూపు మన పప్పుకు దగ్గరి చుట్టం. శాకాహారులు ఒక జాగ్రత్త పాటించాలి. గ్రేవీని మాంసం రసంతో, సూపును పంది మాంసం వేసి చేయడం మామూలు. "సాన్ వియాండ్?" అంటే "మాంసం లేకుండా?" అని అడగండి. చాలా చోట్ల విడిగా చేసినది దొరుకుతుంది. అడగడానికి మొహమాటపడి ఆకలితో తిరిగి రాకండి. మనకు కావలసింది మర్యాదగా, స్పష్టంగా అడగడం జీవితమంతా పనికొచ్చే నేర్పు.

చలికాలం చివర మేపుల్ వస్తుంది. రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త వెచ్చదనం, ఈ రెండూ తోడైతేనే మేపుల్ చెట్టులో రసం కదులుతుంది. సుమారు 40 లీటర్ల రసాన్ని మరిగిస్తే ఒక లీటరు పాకం వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో ఊరి బయట తోటల్లోని పాకం గుడిసెలకు కుటుంబాలు బయలుదేరతాయి. మరిగే పాకాన్ని శుభ్రమైన మంచు మీద పోసి, గట్టిపడుతుండగా పుల్లకు చుట్టి చేతికిస్తారు. స్నేహితులతో తప్పకుండా వెళ్లండి. నెలల తరబడి విసిగించిన మంచే ఆ రోజు పళ్లెమై నోరు తీపి చేస్తుంది.

వంటకం వెనకున్న మనుషుల్ని తెలుసుకోండి

మాంట్రియల్ పేరు చెబితే బేగెల్ గుర్తొస్తుంది. గారెలా నడుమ చిల్లున్న రొట్టె. చేత్తో చుట్టి, తేనె కలిపిన నీళ్లలో ఉడికించి, నువ్వులో గసగసాలో అద్ది, కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పిండిలో సాధారణంగా గుడ్డు ఉంటుంది, తిననివాళ్లు కనుక్కోండి. తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదులు తెచ్చిన విద్య ఇది. ఐజడోర్ ష్లాఫ్‌మన్ 1919లో మొదలుపెట్టిన బేకరీ, 1949 నుంచి ఫెర్‌మౌంట్ వీధిలో నడుస్తోంది. దగ్గర్లోనే ఉన్న సాన్ వియాటర్ బేగెల్‌ను 1957లో స్థాపించినవారిలో మేయర్ లెవ్‌కోవిచ్ ఒకరు. నాజీల బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడ్డ మనిషి ఆయన. ఈ ఊళ్లో పెరిగిన వ్యోమగామి గ్రెగరీ షామిటాఫ్ 2008లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్తూ తన వెంట మాంట్రియల్ బేగెళ్లు తీసుకెళ్లారు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన వేడివేడి బేగెల్‌ను కాగితం సంచిలోంచి తీసి, వీధిలో నిలబడి ఒకసారి తినండి.

హైతీ నుంచి వచ్చినవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. జనవరి 1న వాళ్ల ఇళ్లలో గుమ్మడికాయ సూపు, 'సూప్ జూమూ', కాగుతుంది. బానిసత్వంలో ఉన్నప్పుడు యజమానుల కోసం ఆ సూపు వండినవాళ్లకు దాన్ని తినే హక్కు లేదు. 1804లో అదే తేదీన హైతీ స్వతంత్రమైంది. ఆ జ్ఞాపకంగా ప్రతి ఏటా అందరూ కలిసి తాగుతారు. 2021లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వంగా గుర్తించింది. పక్కింటివాళ్లు పిలిస్తే వెళ్లండి. మామూలుగా మాంసం వేస్తారు కాబట్టి తినని విషయం ముందే చెప్పండి, సంతోషంగా వేరే ఏర్పాటు చేస్తారు.

ఇలాగే ఇటాలియన్ల కాఫీ కొట్లు, పోర్చుగీసుల బొగ్గుల మీద కాల్చిన కోడి, లెబనాన్ వాళ్ల రొట్టెలు. ఇవన్నీ ఇదే చలిలోకి, చేతిలో పెద్దగా ఏమీ లేకుండా వచ్చిన మనుషులు నిలబెట్టినవి. ఒకప్పుడు పరాయివాళ్లుగా చూసిన వాళ్ల తిండే ఇవాళ ఊరి గుర్తింపు. "నేను ఇక్కడ కొత్తవాణ్ని" అని మీకు దిగులేసినప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోండి. మీరు నిలబడ్డ వరసలో మీకంటే ముందు చాలామంది కొత్తవాళ్లు నిలబడ్డారు.

మీ రుచినీ పంచండి

కొత్త తిండి నేర్చుకోమంటే మన తిండి మానుకోమని కాదు. ఒకప్పుడు గ్రీకులు ఎక్కువగా ఉన్న పార్క్ ఎక్స్‌టెన్షన్ పేటలో ఇప్పుడు దక్షిణాసియా కొట్లు వరసగా ఉన్నాయి. కందిపప్పు, చింతపండు, కరివేపాకు, ఆవకాయ సీసా దొరుకుతాయి. నెలకోసారి వెళ్లి తెచ్చుకోండి. అక్కడే ఆగిపోకండి. వారంలో రెండు పూటలు కొత్త వంటకానికి కేటాయించండి.

సంక్రాంతి సరిగ్గా నడి చలికాలంలో వస్తుంది. అరిసెలు వండితే ఒక డబ్బాలో పెట్టి మీ డెప్ యజమానికి, మీకు రోజూ రొట్టె ఇచ్చే అమ్మాయికి ఇవ్వండి. ఏం వేసి చేశారో వివరించండి. తీసుకోవడం మాత్రమే తెలిసినవాడు ఎన్నేళ్లున్నా అతిథిగానే ఉంటాడు. పెట్టడం మొదలుపెట్టిన రోజే పొరుగువాడవుతాడు.

డబ్బు లెక్క కూడా చూసుకోండి

క్వెబెక్‌లో బియ్యం, పాలు, కూరగాయల వంటి నిత్యావసర తిండి సరుకులకు అమ్మకపు పన్ను లేదు. వండిన భోజనం కొంటే 5 శాతం కేంద్రానికి, 9.975 శాతం రాష్ట్రానికి, కలిపి దాదాపు 15 శాతం పన్ను పడుతుంది. యాప్‌లో తెప్పించుకుంటే దాని మీద డెలివరీ రుసుము, టిప్పు. వారంలో రెండు ఆర్డర్లు మానేసి ఆ పూటలు ఇంట్లో వండుకుంటే, మిగిలిన డబ్బుతో శనివారం మార్కెట్లో మంచి జున్ను, ఆపిళ్లు, ఒక కప్పు కాఫీ హాయిగా వస్తాయి. పొదుపు, రుచి, నడక మూడూ ఒక్కసారే దక్కుతాయి.

ఈ వారమే మొదలుపెట్టండి

• ఇంటి నుంచి పది నిమిషాల నడకలో ఉన్న ఒక రొట్టెల కొట్టు, ఒక కూరగాయల కొట్టు, ఒక డెప్, ఒక కాఫీ కొట్టు ఎంచుకోండి.

• ప్రతి చోటా మొదటి మాట మీరే, వాళ్ల భాషలో అనండి.

• మీకు పేరు తెలియని ఒక కూరగాయ కొనండి. ఎలా వండాలో అమ్మేవాళ్లనే అడగండి.

• కాఫీ తాగినంతసేపు ఫోను జేబులోనే ఉంచండి. చుట్టూ మనుషుల్ని చూడండి.

• మైనస్ 10 అని ఈ పనులు వాయిదా వేయకండి. చలి ఊళ్లో అది మామూలు రోజు.

ఒక్క చలికాలం ఇలా గడపండి. వచ్చే ఆగస్టులో మన ఊళ్ల నుంచి మరికొందరు పిల్లలు దిగుతారు. నవంబరు రాకముందే వాళ్లను వెంటబెట్టుకుని మీ నాలుగు దుకాణాలూ తిప్పండి, అక్కడున్నవాళ్లకు పేరుపేరునా పరిచయం చేయండి. మీరు ఊరివారయ్యారనడానికి అంతకుమించిన రుజువు అక్కర్లేదు.