కుబుసం సగంలో ఆగిపోతే?

"కుబుసం విడిచిన పాములా" అంటాం కదా, పాతదంతా వదిలేసి కొత్తగా మెరుస్తున్నాడని. మరి ఆ కుబుసం సగంలో ఆగిపోతే? పాముల్ని పెంచేవాళ్లకి ఇది నిజంగా పెద్ద సమస్యే.

ముందే ఒక మాట, ఫ్రెండ్స్. నేను చెప్పేది బాల్ పైథాన్ గురించి. ఇది ఆఫ్రికా పాము, విషం లేదు, అమెరికా, యూరప్‌లలో చాలామంది పెంచుతారు. మన నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువల్ని పట్టి ఇంట్లో పెట్టుకోవడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. సో, ట్రై చెయ్యకండి!

ముందు నార్మల్‌గా ఏం జరుగుతుందో చూద్దాం. పాత చర్మం కింద కొత్తది తయారవుతుంది. రెండిటి మధ్యా ద్రవం చేరుతుంది. అప్పుడు ఒళ్లు మసకబారి, కళ్లు పాలు కలిసిన నీలంగా కనిపిస్తాయి. కొన్ని రోజులకి కళ్లు మళ్లీ క్లియర్ అవుతాయి. ఆ తర్వాత పాము మూతిని గరుకు చోట రుద్దుకుని, సాక్స్ తిరగేసి విప్పినట్టు కుబుసం విడుస్తుంది. ఆరోగ్యంగా ఉంటే అది దాదాపు ఒకే ముక్కగా వస్తుంది. పాముకి కదిలే కనురెప్పలు ఉండవు, కంటి మీద అద్దంలాంటి పొలుసు ఉంటుంది. అది కూడా కుబుసంతోనే ఊడాలి. అందుకే కుబుసం దొరకగానే రెండు చెక్ చెయ్యాలి: రెండు కంటి పొరలూ వచ్చాయా? తోక కొస వచ్చిందా?

ముక్కలు ముక్కలుగా ఊడితే మొదటి అనుమానం పొడి గాలి మీదే. బాల్ పైథాన్‌కి గాలిలో తేమ మామూలుగా 50-60 శాతం, కుబుసం టైంలో 70 శాతం దాకా కావాలి. తోక చుట్టూ రింగులా మిగిలిన చర్మం బిగుసుకుంటే రక్తం అందక తోక కొస చచ్చిపోతుంది. గోరువెచ్చని తడి టవల్ పరిచిన, గాలాడే డబ్బాలో అరగంట ఉంచితే చర్మం మెత్తబడుతుంది. పక్కనే ఉండి చూసుకోవాలి. కంటి పొరని మాత్రం గోటితోగానీ పట్టకారుతోగానీ లాగొద్దు. కింద ఉన్న కొత్త పొర చిరిగితే కన్నే పోవచ్చు. అది వెటర్నరీ డాక్టర్ పని.

తేమ మంచిదని అడుగంతా తడిగా, మురికిగా ఉంచితే రివర్స్ ప్రాబ్లం. పొట్ట పొలుసులు ఎర్రగా, గోధుమ రంగుగా మారి, బొబ్బలు లేచి కుళ్లుతాయి. గాలిలో తేమ వేరు, అడుగున తడి వేరు. అప్పుడు పాముని శుభ్రమైన డబ్బాలో, పొడి పేపర్ టవల్స్ మీదకి మార్చి, డాక్టర్‌కి చూపించాలి. ఇన్ఫెక్షన్ లోపలికి పాకితే ప్రాణానికే ముప్పు.

మూడోది పురుగులు. గడ్డం కింద, కళ్ల చుట్టూ గసగసాల సైజు నల్ల చుక్కలు, పాము గంటల తరబడి నీళ్ల గిన్నెలోనే పడుకోవడం దీని గుర్తులు. ఇవి పెట్టె పగుళ్లలో గుడ్లు పెడతాయి. పాముకి మందు వేసి పెట్టెని వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. కుక్కల మందులు, ఇంట్లో కొట్టే స్ప్రేలు సొంతంగా వాడితే పామే చచ్చిపోవచ్చు.

నాలుగోది కాలిన గాయాలు. ఒళ్లు కాలుతున్నా పాము చాలాసార్లు హీటర్ మీద నుంచి కదలదు. అందుకే హీటర్‌కి థర్మోస్టాట్ తప్పనిసరి. మన భాషలో చెప్పాలంటే, ఎగ్జిట్ కండిషన్ లేని లూప్ రాయకూడదు.

గమనించారా? నాలుగింటిలోనూ లక్షణం చర్మం మీద కనిపిస్తుంది, కారణం ఎక్కువగా పెట్టెలో ఉంటుంది. పాము నొప్పి అని అరవదు. దాని ఎర్రర్ మెసేజ్ చర్మం మీదే వస్తుంది. కాబట్టి పాముని కొనేముందే ఒక థర్మామీటరు, తేమ కొలిచే మీటరు, పాముల వైద్యం తెలిసిన డాక్టర్ నంబరు రెడీగా పెట్టుకోవాలి. ఈ మూడూ లేకపోతే పాముని తెచ్చుకోకపోవడమే మంచిది.