సాల్మొనెల్లా బయోఫిల్మ్ కొలత: క్రిస్టల్ వయొలెట్ పద్ధతిలో గమనించవలసిన అంశాలు

కోళ్ల పేగులలో నివసించే సాల్మొనెల్లా బాక్టీరియా రెట్ట ద్వారా బయటపడి, నీటి గొట్టాల లోపలి గోడలకు అంటుకొని తన చుట్టూ జిగురు పొరను నిర్మించుకొంటుంది. బయోఫిల్మ్ అనబడే ఈ పొరలోని కణాలను క్లోరిన్ వంటి క్రిమిసంహారకాలు విడి కణాలంత సులభంగా నశింపజేయలేవు. కనుక షెడ్లలో సేకరించిన ఏ స్ట్రెయిన్ ఎంత పొరను ఏర్పరుస్తుందో తెలుసుకోవడం అవసరం.

ఇందుకు విరివిగా వాడే క్రిస్టల్ వయొలెట్ పద్ధతిలో, రాత్రంతా పెంచిన బాక్టీరియాను ద్రవ యానకంలో పలుచన చేసి, 96 గుంతల పాలీస్టైరీన్ ప్లేటులో గుంతకు 200 మైక్రోలీటర్ల చొప్పున పోస్తారు. కొన్ని గుంతలలో యానకం మాత్రమే ఉంచుతారు. 24 గంటల తరువాత ద్రవాన్ని తీసివేసి, ఫాస్ఫేట్ బఫర్‌తో మూడుసార్లు కడిగి, మిథనాల్‌తో స్థిరపరచి, రంగు పట్టిస్తారు. మిగులు రంగును నీటితో కడిగి, ఆరిన పిదప పొరకు పట్టిన రంగును 33 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, 570 నానోమీటర్ల వద్ద శోషణాన్ని కొలుస్తారు.

ఫలితాలలోని తేడాలకు కడిగే తీరు ఒక ముఖ్య కారణం. ధార బలంగా ఉంటే పొర ఊడిపోతుంది. తక్కువైతే అంటుకోని కణాలు కూడా రంగు పట్టి లెక్కలోకి వస్తాయి. అంచు గుంతలలో ద్రవం త్వరగా ఆవిరవుతుంది గనుక వాటిలో శుద్ధజలం నింపి వదలివేయడం మేలు.

యానకం మాత్రమే ఉన్న గుంతల సగటుకు ప్రామాణిక విచలనాన్ని మూడు రెట్లు చేసి కలిపితే హద్దు విలువ వస్తుంది. ఉదాహరణకు సగటు 0.08, విచలనం 0.01 అయితే హద్దు 0.11. శోషణం ఈ హద్దును దాటి 0.22 వరకు ఉంటే బలహీనం, ఆపై 0.44 వరకు మధ్యస్థం, అంతకు మించితే బలమైన పొరగా పరిగణిస్తారు.

అయితే పేగు బాక్టీరియా అన్న కారణంతో 37 డిగ్రీల సెల్సియస్ వద్ద, పోషకాలు నిండిన యానకంలో మాత్రమే పరీక్షించడం తరచుగా జరిగే పొరపాటు. అనేక సాల్మొనెల్లా స్ట్రెయిన్లు పొరకు ఆధారమైన కర్లి పోగులను, సెల్యులోజును 30 డిగ్రీల లోపు, లవణాలు తక్కువగా ఉన్నప్పుడు అధికంగా తయారు చేస్తాయి. 37 డిగ్రీల వద్ద బలహీనమని తేలిన స్ట్రెయినే నీటి గొట్టంలో దట్టంగా పేరుకొనవచ్చు. అందుచేత పలుచన చేసిన ట్రిప్టిక్ సోయా బ్రాత్‌లో 28 డిగ్రీల వద్ద కూడా పరీక్షను జరపాలి.

మరొక పరిమితి కూడా ఉన్నది. క్రిస్టల్ వయొలెట్ బ్రతికిన కణాలకు, చనిపోయిన కణాలకు, వాటి చుట్టూ ఉన్న జిగురుకు సమానంగా పట్టుతుంది. కనుక క్రిమిసంహారకం పనితీరును ఈ రంగుతో నిర్ణయించరాదు. పొరను గీకి, అగార్‌పై పరచి, సజీవ కణాల కాలనీలను లెక్కించవలసి ఉంటుంది.