ప్రభుత్వ వైద్యము: ధనమెవరిది, బాధ్యత యెవరిది?

2025 డిసెంబరు మాసమున తెలంగాణలో గ్రామ పంచాయతీలకు ఎన్నికలు జరిగినవి. అంతకు పూర్వము దాదాపు రెండు సంవత్సరములు ప్రత్యేకాధికారుల పాలనలోనుండిన గ్రామములకు మరల ప్రజాప్రతినిధులు లభించిరి. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ళ, మొయినాబాదు మండలములలోను క్రొత్త సర్పంచులు, వార్డు సభ్యులు బాధ్యతలు స్వీకరించిరి. (చేవెళ్ళ, మొయినాబాదు మాత్రము తమ చుట్టునున్న కొన్ని పల్లెలతో కలిసి 2025లోనే పురపాలక సంఘములైనవి.) సభ్యుల వద్దకు జనులు తెచ్చు మొరలలో వైద్యమునకు సంబంధించినవి తక్కువగానుండవు. నర్సమ్మ రాలేదని ఒకరు, మందులు లేవని ఒకరు, ఆరోగ్యశ్రీ చెల్లదన్నారని మరియొకరు వత్తురు. ఏ మొర యెవరికి చెప్పవలెనో యెరుగని సభ్యుడు అందరిని శాసనసభ్యుని యింటికి పంపును. అందుచేత ఈ వ్యవస్థ కట్టుబాటును కొంత వివరింప దలచితిమి.

రాజ్యాంగము ఏడవ షెడ్యూలు ననుసరించి ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు రాష్ట్రములకు చెందినవి. వైద్యవిద్య, కుటుంబ నియంత్రణ, అంటురోగములు ఒక రాష్ట్రమునుండి మరొక రాష్ట్రమునకు ప్రాకకుండ చూచుట ఉమ్మడి విషయములు. 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చిన 73వ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో 23వదిగా ఆరోగ్యమును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములను పేర్కొన్నది. 'అప్పగింపదగిన' అను మాటను సభ్యులు గమనింపవలెను. డాక్టరును నియమించు అధికారము, బదిలీ చేయు అధికారము గ్రామ పంచాయతీకి లేవు. పారిశుద్ధ్యము మాత్రము పూర్తిగా పంచాయతీదే.

ఇప్పటి వైద్యశాలల వరుసకు మూలము భోర్ కమిటీ. 1943లో నియమితమైన ఆ సంఘము 1946లో నివేదిక నిచ్చినది. డబ్బు లేదను కారణమున ఎవ్వరికిని వైద్యము దక్కకపోరాదనునది దాని ప్రధాన సూత్రము. తొలిదశలో 40,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వలెనని అది కోరెను. 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజ వికాస పథకముతో అట్టి కేంద్రములు పల్లెలకు రాసాగినవి. నేటి ప్రమాణము ప్రకారము మైదాన ప్రాంతములలో 5,000 మందికి ఒక ఉపకేంద్రము, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, 1,20,000 మందికి 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రము ఉండవలెను. ఉపకేంద్రములు కొన్ని ఇటీవల పల్లె దవాఖానాలైనవి. ఆపైన ఉస్మానియా, గాంధీ వంటి బోధనాసుపత్రులు గలవు.

ఈ మెట్ల వరుస కాగితముపైనే ఉన్నదనుకొనరాదు. హైదరాబాదునుండి బిజాపూరు వైపు పోవు రహదారిపై, చేవెళ్ళ మండలములోని మీర్జాగూడవద్ద 2025 నవంబరు 3న బస్సు, కంకర లారీ ఢీకొని 19 మంది మరణించిరి. క్షతగాత్రులను మొదట చేర్చినది చేవెళ్ళ ప్రభుత్వాసుపత్రికే. నగరము సుమారు 40 కిలోమీటర్ల దూరమున నుండగా, నడుమనున్న ఈ ఆసుపత్రిలో రక్తస్రావము నాపగల వైద్యుడు ఏ వేళనైనను ఉండుట ప్రాణములకు సంబంధించిన విషయము. చిన్న జ్వరములన్నియు ఈ ఆసుపత్రికే వచ్చినచో అక్కడి వైద్యునికి ఊపిరి సలుపదు. వానిని చూచుటకు క్రింది మెట్లు గలవు.

ఇక ధనము సంగతి. బ్రిటనులో 1948నుండి ప్రజల పన్నులతో ప్రభుత్వమే వైద్యము చేయించుచున్నది. జర్మనీ 1883లోనే కార్మికులకు బీమా మార్గమును పట్టినది. మన దేశములో రెండును కలగలిసియున్నవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల డాక్టర్ల జీతములలో అధికభాగము రాష్ట్ర ఖజానాది. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను (ఇప్పుడు జాతీయ ఆరోగ్య మిషను) క్రింద జరుగు పనులకు, ఆశా కార్యకర్తల ప్రోత్సాహకములతో సహా, కేంద్రము 60 పాళ్ళు, రాష్ట్రము 40 పాళ్ళు భరించును. పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యమునకు 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది.

ఇంతయున్నను, 2021-22 జాతీయ లెక్కల ప్రకారము దేశములోని మొత్తము వైద్యవ్యయములో 39.4 శాతము రోగుల చేతినుండియే పోయినది. 2013-14లో ఇది 64.2 శాతము. తగ్గినమాట నిజము. కాని బిడ్డ వైద్యమునకై గుంట భూమి అమ్ముకొన్నవానికి ఈ శాతముతో పనిలేదు.

పెద్ద జబ్బులకు 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9నుండి తెలంగాణలో 10 లక్షల రూపాయలకు పెంచిరి. ఇది ప్రధానముగా ఆసుపత్రిలో చేర్చుకొని చేయు నిర్ణీత చికిత్సలకే వర్తించును. ఆమోదిత ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అనువాడుండును. చేరుటకు ముందే అతనిని కలిసికొనుమని మీ గ్రామస్థులకు చెప్పుడు. బిల్లు చెల్లించిన పిమ్మట పరుగెత్తిన ప్రయోజనము తక్కువ. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, మందులు, భోజనము, రాకపోకల వాహనము 2011నుండి అమలులోనున్న కేంద్ర పథకము క్రింద ఉచితము. ఇందుకు డబ్బడుగువారున్నచో వ్రాతమూలకముగా జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి తెలుపవచ్చును.

ఈ ప్రాంతమున ప్రైవేటు వైద్యకళాశాలలు సయితము గలవు. మొయినాబాదు మండలము ఎన్కేపల్లిలో ఒకటి, చేవెళ్ళలో ఒకటి పేరుగలవి. వైద్యవిద్యను 2020నుండి జాతీయ వైద్య కమిషను నియంత్రించుచున్నది. ప్రైవేటు ఆసుపత్రుల నమోదునకు 2010 చట్టమును తెలంగాణ స్వీకరించినది. ఆ చట్టము క్రింద జిల్లా కలెక్టరు అధ్యక్షుడుగా నమోదు అధికార సంఘముండును. అర్హతలేక సూదులువేయువారిపై ఫిర్యాదు కూడ జిల్లా వైద్య ఆరోగ్యాధికారికే.

పంచాయతీ చేతిలోనున్న పనిని ఒక ఉదాహరణముతో చూతము. ఒక వాడలో వారము రోజులలో నలుగురికి చలిజ్వరము వచ్చెననుకొందము. ఆశా కార్యకర్త పేర్లు వ్రాసికొని నర్సమ్మకు తెలుపవలెను. నర్సమ్మ రక్తపు నమూనా తీయును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు పరీక్షించి జిల్లాకు సమాచారమంపును. మందు వారిది. కాని ఆ వాడలో నిలిచిన మురుగునీరు, మూతలేని తొట్లు, క్లోరిను కలపని నీళ్ళట్యాంకు ఎవరివి? మనవే. దోమ పుట్టినచోటు బాగుపడనిదే డాక్టరు ఎన్ని మాత్రలిచ్చినను మరుసటి వారము మరి నలుగురు పడుదురు.

ఇందుకే గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము ఏర్పడినది. దాని అధ్యక్షస్థానము పంచాయతీ ప్రతినిధిది. సంవత్సరమునకు 10,000 రూపాయల నిధిని పథకము నిర్ణయించినది. ఇది పెద్ద మొత్తము కాదు. అయినను క్లోరినునకు, కాలువ పూడిక తీయుటకు, నిరుపేద రోగిని అత్యవసరముగా తరలించుటకు చాలును. సంఘము సమావేశము కానిచో ఆ పైకము ఖాతాలోనే పడియుండును. క్రొత్త సభ్యులు మొదట బ్యాంకు పుస్తకమును తెప్పించి చూడవలెను.

చేవెళ్ళ ప్రాంతమున కూరగాయలు, పూలు పండించువారు తెల్లవారకమునుపే పొలములలోనుందురు. పాముకాటు భయము ఎక్కువ. వానకాలమునకు ముందే సభ్యులిద్దరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి పాము విషమునకు విరుగుడు మందు ఎన్ని సీసాలున్నవో, వాని గడువెప్పటివరకో, రాత్రివేళ ఎవరుందురో అడిగి, ఆ వివరములను గ్రామసభలో చదివి మినిట్సు పుస్తకములో వ్రాయించవలెను.